చెట్టుచీమల కాపలా

చనిపోయిన మేనత్త పెద్దదినానికి శ్రీముఖలింగం దగ్గర ఆమె అత్తవారి ఊరు వెళ్లి, మర్నాడు ఆటోలో తిరిగి వస్తున్నాను. దారిలో టైరు గాలి దిగిపోయింది. డ్రైవరు చక్రం విప్పుతుంటే నేను దిగి రోడ్డు పక్కనున్న జీడితోట నీడలో నిలబడ్డాను. తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య కొబ్బరితాళ్లు కట్టి ఉన్నాయి. బట్టలు ఆరేయడానికేమో అనుకున్నాను. కానీ అంత ఎత్తులో ఎవరూ ఆరేయరు. తోట రైతు గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఆ తాళ్లు ఎందుకు బాబూ?" అని అడిగాను.

"సీమలకమ్మా. ఈ సెట్టు మీంచి ఆ సెట్టు మీదికి ఎల్లడానికి. మందు కొట్టొద్దు, ఎర్రసీమల్ని ఉంచుకోండి, పురుగు సంగతి అయ్యే సూసుకుంటాయని మీటింగులో సెప్పేరు. మా తాతలకి తెలీదేటి ఈ ముక్క? ఆఫీసరు సెప్పేదాకా మనం ఇనలేదు, అంతే."

"కుడతాయి కదా?"

"కుట్టవా మరి? కాపలా ఉన్నది కుట్టకపోతే కాపలా ఏటి?" అని నవ్వాడు.

తాడు దగ్గరికి వెళ్లి చూశాను. ఎర్రటి చీమలు అటూ ఇటూ నడుస్తున్నాయి. ఒకటి నా చేతి మీదికి దిగింది. దులపబోయి నలిపేశాను. వేళ్లకి పుల్లటి ఘాటు అంటింది. చిన్నతనం దాటాక మళ్లీ తగలని వాసన. పెద్దదినంలో అందరి మధ్యా రాని ఏడుపు అక్కడ వచ్చింది. డ్రైవరు చూసి, ఆలస్యమవుతోందని ఏడుస్తున్నాననుకున్నాడు. "అయిపోయిందమ్మా, పది నిమిషాలు" అన్నాడు.

చిన్నప్పుడు మా ఊరి నుంచి గజపతినగరం సంతకి నడిచి వెళ్లేవాళ్లం. ఊరి వెనక ఒక గెడ్డ ఉండేది. వానాకాలంలో నీళ్లు, మిగతా రోజుల్లో ఇసక. ఆ గెడ్డగట్టు ఎవరి భూమీ కాదు. అక్కడ ఈత, రేగు, కలే పొదలు, మొర్రి చెట్లు వాటంతట అవే మొలిచి వాటంతట అవే కాసేవి. వాటి విషయంలో ఊళ్లో ఒకటే కట్టు: ఎక్కినవాడిదే పండు. ఆ రోజు ముందుగా ఎవరు చెట్టెక్కితే ఆ రోజు పండు వాళ్లది. రెండోవాళ్లు కింద నిలబడి చూడాల్సిందే. తగాదాలు రాకుండా ఎప్పుడో పెద్దలు పెట్టుకున్న కట్టు అది.

ఆ గట్టు మీద ఒక పెద్ద నేరేడు చెట్టు ఉండేది. దాన్ని ఎవరూ ఎక్కేవారు కాదు. కారణం చెట్టుచీమలు. పచ్చి ఆకుల్ని ఒకదానికొకటి కుట్టి, కొబ్బరికాయంత గూళ్లు చేసుకుని ఉండేవి. కొమ్మ కదిలితే చాలు, గూళ్లలోంచి బిలబిలా వచ్చి మనిషి మీద పడేవి. కొరికి పట్టుకుంటే తల తెగినా నోరు వదిలేవి కావు. కొరికిన చోట ఏదో పుల్లటి రసం వదిలేవి. అది మంట. ఒకసారి పందెం కాసి ఎక్కిన కుర్రవాడొకడు కిందికి దిగలేదు, దూకాడు. లాగు విప్పుకుని గెడ్డలోకి పరిగెత్తాడు. చాలా రోజులు ఊరంతా ఆ సంగతి చెప్పుకుని నవ్వింది.

ఆ చెట్టు ఎక్కేది మా మేనత్త ఒక్కతే.

అత్త నాన్నకి చెల్లెలు. పెళ్లయి వంశధార ఒడ్డుకి వెళ్లింది. పిల్లలు పుట్టలేదని భర్త ఇంకొకామెని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో అత్తకి మిగిలింది పొలంపని ఒక్కటే. ఒక ఏడాది అలా చేసింది. తర్వాత ఒక మూట పట్టుకుని మూడు రోజులు నడిచి మా ఇంటికి వచ్చేసింది. మా పశువులశాల పక్కన పాక వేసుకుంది. పొయ్యి వేరే పెట్టుకుంది. "అన్న నీడనుంటాను గానీ అన్న కుండలో తినను" అనేది. అప్పటికి మేము అయిదుగురు పిల్లలం. అమ్మ ఆ మాటకి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. అమ్మని తప్పు పట్టలేను. కుండలో ఎంత ఉందో అమ్మకే తెలుసు.

నేను చెప్పే ఏడాది వేసవిలో అత్త బావగారు, అంటే ఆమె భర్తకి అన్న, మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని అసలు మాట ఎత్తాడు.

"ఊడుపులకి మడిసి కావాల బావా. కూలోళ్లు దొరకట్లేదు. అది మా ఇంటి మడిసే కదా. పంపించీ."

నాన్న, "దాని గింజ అది తింటన్నాది బావా. నాకు బరువవలేదు. అయిన రోజు నానే కబురెడతాను" అన్నాడు.

"అన్నదమ్ములు అలాగే అంటారు. నీ ఇల్లు నిండా పిల్లలు."

"దాని గింజ అది తింటన్నాదని సెప్పేను కదా."

"సరే. ఊడుపుల ముందు మళ్లీ వత్తాను. అప్పటికీ దాని కుండల్లో దాని గింజలుంటే ఈ మాట మళ్లెత్తను. లేకపోతే నాతో పంపించాల. మరి మాట మీదుండాల బావా."

"ఉంటాను" అన్నాడు నాన్న.

అత్త శాల గోడ వెనక పేడ పిసుకుతూ అంతా విన్నది. నేను పక్కనే ఉన్నాను. ఆమె పిడక గోడకి కొంచెం గట్టిగా కొట్టింది.

అత్త కుండలు నిండేది నేరేడు పళ్లతోనే. తొలకరికి పండడం మొదలైతే నెలా నెలన్నర పాటు రోజూ ఒక గంప. గజపతినగరంలో అమ్మి ఆ డబ్బుతో చోళ్లు, అంటే రాగులు, కొనేది. మూడు కుండల చోళ్లు ఉంటే వానాకాలమంతా అంబలికి సరిపోయేవి. ఊడుపులు మొదలైతే మా ఊళ్లోనే కూలి దొరికేది. అంటే ఆ చెట్టు కాస్తే అత్త ఉంటుంది, లేకపోతే వెళ్తుంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

అంతకు ముందు ఏడాది ఆమె చెట్టెక్కడం నేను రోజూ చూశాను. తెల్లవారుతూనే, ఎండ పడకముందు ఎక్కేది. చల్లదనంలో చీమలు మందకొడిగా ఉంటాయని చెప్పేది. చేతులకీ కాళ్లకీ పొయ్యి బూడిద దట్టంగా రాసుకునేది. చీర కచ్చ పోసి కట్టేది. నేరేడు కొమ్మ పెళుసు కాబట్టి మొదలు దగ్గరే కాలు పెట్టి, దోటితో చివర్లు దులిపేది. కింద పాత దుప్పటి పరిచి ఉండేది. దిగాక మొదటి గుప్పెడు పళ్లు చెట్టు మొదట్లో పోసేది.

"ఎవులికత్తా అవి?"

"సీమలకి. ఆల్ల ఇల్లు తొక్కొచ్చేను కదే."

ఆ పళ్ల మీదికి నేలచీమలు కూడా వచ్చేవి, చిన్న నల్లవి. సాయంత్రానికి గుజ్జంతా తినేసి టెంకలు కడిగినట్టు వదిలేసేవి. అలాంటి శుభ్రమైన టెంకలు బూజు పట్టకుండా బాగా మొలుస్తాయని, చెట్టు మీది చీమలు పురుగు గుడ్లు పెట్టకుండా పండుని కాస్తాయని తర్వాత పుస్తకాల్లో చదివాను. అత్తకి పుస్తకం అక్కర్లేదు. సంతలో "నా పండు ఇరిసి సూడండి, పురుగుంటే డబ్బులియ్యకండి" అని అరిచి అమ్మేది.

నాయనమ్మకి మాత్రం కూతురు చెట్టెక్కడం నచ్చేది కాదు.

"ఆడదానివి సెట్టెక్కితే ఊరు నవ్వుతాదే."

"నవ్వనీయే. నవ్వినోల్లే డొప్పలు పట్టుకొచ్చి పళ్లడుగుతన్నారు."

"సిగ్గు లేదు దీనికి" అనేది నాయనమ్మ. అనేసి తానే ముందు డొప్ప చాపేది. మేము పళ్లని చెంబులో వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి కుదిపేవాళ్లం. వగరు పోయి రసం ఊరేది. నాలుకలు ఎవరివి ఎక్కువ నీలంగా ఉన్నాయో అద్దంలో చూసుకునేవాళ్లం. అద్దం మీద కూడా మరకలు పడి అమ్మ చేత తిట్లు తినేవాళ్లం. నాయనమ్మకి జలుబు చేస్తే అత్త ఒక చీమల గూడు తెచ్చి గుడ్డలో నలిపి వాసన చూపించేది. నాయనమ్మ తుమ్మి, కళ్లు తుడుచుకుని, "పాణం లేచొచ్చిందే" అనేది.

కానీ ఎంత బూడిద రాసినా కాట్లు తప్పేవి కావు. పళ్లు దింపి వచ్చాక అత్త చేతుల మీద, మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచేవి. నేను ఆముదం రాసేదాన్ని. కొన్నిటికి చీమ తలలు అంటుకునే ఉండేవి. గోటితో గిల్లి తీసేదాన్ని. అత్త నవ్వుతూనే ఉండేది గాని, వేలు తగిలినప్పుడల్లా చెయ్యి వెనక్కి లాక్కునేది. కనురెప్ప మీద కుట్టిన రోజు కన్ను మూసుకుపోయింది. ఆ కన్నుతోనే సంతకి వెళ్లింది. అది నేను మరిచిపోలేదు.

బావగారు వచ్చి వెళ్లాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ ఏడు అత్త తప్పకుండా కుండలు నింపాలి. చీమలు లేకపోతే ఇంకా ఎక్కువ పళ్లు దింపగలదు, తొందరగా దింపగలదు, కళ్లు వాయవు. మా గాదె పక్కన ఒక డబ్బాలో తెల్లపొడి ఉండేది. నల్లులకీ, ధాన్యంలో పురుగుకీ చల్లేవారు. ముట్టుకోవద్దని నాన్న చెప్పేవాడు.

కాయ ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు, ఆ పొడి పలచటి గుడ్డలో మూట కట్టి గౌను జేబులో పెట్టుకుని వెళ్లాను. అత్త దోటి కూడా తీసుకెళ్లాను. చెట్టు మొదలు చుట్టూ పొడి చల్లాను. తర్వాత మూటని దోటి చివర కట్టి, అందిన ప్రతి గూటికీ తాటించాను. ఒక్కో దెబ్బకి పిండి రాలినట్టు పొడి రాలేది. చీమలు ముద్దలు ముద్దలుగా కింద పడ్డాయి. కొన్ని తెల్లగా పొడి పూసుకుని, పడిపోతూ కూడా తెల్లటి పిల్లగుడ్లని నోట కరుచుకుని వేరే కొమ్మకి ఎక్కాలని చూశాయి. అది చూసి కాసేపు ఆగాను. మళ్లీ కొట్టాను. మూడు రోజులు వెళ్లాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

తర్వాత పెద్ద వాన పడింది. ఆ పొడి పళ్ల మీద కూడా పడి ఉంటుందన్న ఆలోచన నాకు చాలా ఏళ్ల దాకా రాలేదు.

పళ్లు రంగు తిరిగాయి. మొదటి రోజు అత్త వెనకే వెళ్లాను. ఆమె బూడిద రాసుకుని ఎక్కింది, గంప నిండా దింపింది. దిగాక చేతులు చూశాను. ఒక్క కాటు లేదు. నేను గంతులు వేశాను. అత్త మాత్రం పైకి చూస్తూ నిలబడింది. గూళ్లన్నీ ఎండి గోధుమరంగుకి తిరిగాయి.

"ఈల్లకేటైనాదే?" అంది.

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను. ఆమె ఎప్పటిలాగే గుప్పెడు పళ్లు చెట్టు మొదట్లో పోసింది.

మూడో రోజో నాలుగో రోజో, మేకలు కాసే కుర్రవాడొకడు చెట్టు కింద నిలబడి పైకి చూసి, "ఒరే, సీమల్లేవురోయ్!" అని అరిచాడు. ఆ కేక మా వీధి దాకా వినిపించింది.

మర్నాడు తెల్లవారుతూ అత్త వెళ్లేసరికి చెట్టు మీద ముగ్గురున్నారు. ఎక్కినవాళ్లదే పండు. ఆ తర్వాతి రోజు ఆమె ఇంకా ముందు లేచి వెళ్లింది. అప్పటికే పక్కింటామె కొడుకులిద్దరూ పైనున్నారు. తల్లి కింద గంపతో కూర్చుని ఉంది. అత్తని చూసి ఆమె తల దించుకుంది.

"ఏటనుకోకే. మాకూ పిల్లలున్నారు" అంది.

"నానేటనుకుంటాను వొదినా. కట్టు కట్టే కదా" అంది అత్త.

నేను అత్త కొంగు పట్టుకుని "దిగమను, దిగమను" అన్నాను. "నాను పెట్టిన కట్టు కాదే గుంటా, నాకోసం మార్చడానికి" అంది. ఆ తర్వాత ఊరంతా ఎక్కింది. కొమ్మలు విరిగాయి. సగం పండినవి, పచ్చివి కూడా దులిపేశారు. కోతులు వచ్చాయి. నెలన్నర నిలవాల్సిన కాపు పది రోజుల్లో అయిపోయింది. మా బడిలో అందరి నాలుకలూ నీలంగా ఉన్నాయి. ఆ చెట్టుని అన్నేళ్లూ అత్తకి అట్టేపెట్టింది ఊరి మంచితనం కాదు, ఆ చీమలే. అది అత్తకి మొదటి నుంచీ తెలుసు. నాకు అప్పుడు తెలిసింది.

కోయడానికి అందని చిటారు కొమ్మల్లో కొన్ని పళ్లు మిగిలాయి. వాటినైనా దక్కించుకోవాలని అత్త కొండదారిలో ఉన్న మామిడి చెట్టు నుంచి ఒక చీమల గూడు కొమ్మతో సహా నరికి, సంచిలో కట్టి తెచ్చింది. వంటి నిండా కాట్లతో వచ్చింది. ఆ కొమ్మని నేరేడు చెట్టుకి కట్టింది. కొత్త చీమలు బయటికొచ్చి బెరడు మీద కొంత దూరం నడిచాయి. కాసేపటికి తూలడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి చెట్టు మొదట్లో రాలి ఉన్నాయి.

అత్త వంగి చూసింది. బెరడు పగుళ్లలో వాన కడగలేని తెల్లదనం ఇంకా ఉంది. వేలితో గీకి వాసన చూసింది.  నాయనమ్మ కూడా మాతో వచ్చింది ఆ రోజు.

"ఏటదే? ఎవులైనా ఏటైనా సల్లేరా?" అని నాయనమ్మ అడిగింది.

అత్త వేలు చీరకి తుడుచుకుంది. "లేదే. వానకి పోయుంటాయి" అంది. తర్వాత దోటి చేతిలోకి తీసుకుని, దాని చివర చూస్తూ, "ఒకేల సల్లినా, ఎవులో మంచికే సల్లుంటారులే" అంది.

ఊడుపులకి వారం ముందు బావగారు వచ్చాడు. అత్త పాకలోకి వెళ్లి కుండల మూతలు తీసి చూశాడు. ఒక కుండలో అడుగున చోళ్లున్నాయి. మిగతా రెండూ బోర్లించి ఉన్నాయి. నాన్న గడప దగ్గర నిలబడ్డాడు.

"మరేటి బావా?" అన్నాడాయన. గెలిచినట్టు కూడా అనలేదు. పనికి మనిషి దొరికినట్టు అన్నాడు.

నాన్న, "ఒక్క ఏడు ఆగు బావా. ఈ ఏడు సెట్టు దగా సేసింది" అన్నాడు.

"సెట్టుతో కాదు, నీతో మాటాడుకున్నాను."

నాన్న దగ్గర దానికి జవాబు లేదు. మా ఇంట్లో మనిషి తప్పు వల్ల ఆ కుండలు ఖాళీ అయ్యాయని తెలిసి ఉంటే జవాబు ఉండేది. తప్పు నా ఇంటిది, కాబట్టి ఆమె బరువు నాది అనేవాడు. నాన్న అలాంటివాడు. ఇదంతా నేను ఇప్పుడు ఊహించి చెప్పడం లేదు. అప్పుడే, గాదె పక్కన నిలబడి, చెప్పేస్తే అత్త ఆగిపోతుందని నాకు తెలుసు. డబ్బా నా వెనకే ఉంది. నోరు తెరవలేదు.

అత్త మూట కట్టుకుంది. మిగిలిన చోళ్లు అమ్మ చాటలో పోసింది. "పిల్లలకి అంబలి కాసీ వొదినా" అంది. అమ్మ ఏడ్చింది. అత్త నా దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా సదువుకోయే" అని వెళ్లిపోయింది.

చదువుకున్నాను. విజయనగరంలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ జరిగాయి. అత్తని పెళ్లిళ్లలో, చావుల్లో చూసేదాన్ని. ఆమె భర్త పోయాడు. సవతి పిల్లలు ఆమెని పెద్దమ్మా అని పిలిచేవారు, బాగానే చూసేవారు. ఆ పిల్లలే మొన్న పెద్దదినం చేసింది. ఆమె జీవితమంతా కష్టమే అని చెప్తే అబద్ధం. కానీ నలభై ఏళ్లు ఆమె వరి ఊడుపులు ఊడ్చిన పొలంలో ఒక్క గట్టు కూడా ఆమెది కాదు.

నాన్న పోయిన ఏడాది ఆమె పరామర్శకి వచ్చింది. వసారాలో ఇద్దరమే ఉన్నాం. ఆమె వేళ్లు వంకరపోయాయి, నీళ్లలో నాని గోళ్లు నల్లబడ్డాయి. అప్పుడు చెప్పాను. ఆ పొడి నేనే చల్లానని.

"తెల్సు" అంది. "నీ గౌను జేబులో ఆ కంపు వారం రోజులున్నాది. ఆ గౌను ఉతికింది నానే కదే."

"మరి నాన్నకి చెప్పలేదేం? చెబితే నిన్ను పంపేవాడు కాదు."

"పంపేవోడు కాదు. నిన్ను సావగొట్టి నన్ను ఉంచేవోడు. అప్పుడు నువ్వు నన్ను సూసినప్పుడల్లా ఆ దెబ్బలు గుర్తొచ్చీవి. నీ సేత ఆముదం రాయించుకున్న సేతులు ఇయ్యి. అలాగుండి తినే అంబలి నాకెందుకులే అనుకున్నాను." కాస్త ఆగి నవ్వింది. "అయినా నువ్వే సెప్తావేమో అని, గట్టు దిగేముందు ఒక్కసారి ఎనక్కి సూసేను."

 తర్వాత కాఫీ అడిగింది, పెట్టి ఇచ్చాను.

ఎనిమిదేళ్ల పిల్లని, దెబ్బలకి భయపడ్డాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ తర్వాత నాకు పద్దెనిమిదేళ్లు వచ్చాయి, ఇరవై ఎనిమిది వచ్చాయి. సెలవులకి ఇంటికి వెళ్లేదాన్ని. నాన్న అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఎప్పుడైనా ఆయన పక్కన కూర్చుని ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఆయన ఆ మధ్యాహ్నం బస్సే ఎక్కి వెళ్లి చెల్లెల్ని తీసుకొచ్చేవాడు. అప్పటికి నన్ను కొట్టేవాళ్లు ఎవరూ లేరు.